వార్తల్లో పదం: ఆర్జిత రోగనిరోధక శక్తి

ఒంట్లో మలేరియా క్రిమి ఉంటుంది, జ్వరం మాత్రం ఉండదు. మలేరియా ఏళ్ల తరబడి తిష్ఠ వేసిన ప్రాంతాల్లో పెద్దవాళ్లకు ఇలా జరుగుతుంది. పదేపదే సోకగా సోకగా శరీరం సంపాదించుకున్న ఈ రక్షణే ఆర్జిత రోగనిరోధక శక్తి.

1900లో న్యూగినీలో శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ దీన్ని గమనించాడు: పిల్లల రక్తంలో క్రిములు ఎక్కువ, పెద్దల్లో తక్కువ. 1961లో గాంబియాలో పెద్దల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను జబ్బుపడ్డ పిల్లలకు ఎక్కిస్తే క్రిములు బాగా తగ్గాయి. ఈ రక్షణలో యాంటీబాడీల పాత్ర అక్కడే తేలింది.

అయితే ఇది అరకొర రక్షణ. జబ్బు తీవ్రతను తగ్గిస్తుంది గానీ క్రిమిని పూర్తిగా తరిమేయదు. పైగా తొలి కాన్పు గర్భిణులకు మలేరియా ముప్పు మళ్లీ పెరుగుతుంది.

వలసతో అసలు చిక్కు. మన్యం నుంచో ఒడిశా అడవుల నుంచో సూరత్ జిల్లా జోల్వాకు పనికొచ్చిన మనిషి జ్వరం లేకుండానే క్రిమిని మోసుకురావచ్చు. దోమకాటు తగ్గి ఏళ్లు గడిస్తే ఆ రక్షణా సన్నగిల్లుతుంది. సెలవుకి సొంతూరెళ్లినప్పుడు జ్వరం గట్టిగానే పట్టుకోవచ్చు.

ఊరెళ్లొచ్చాక చలిజ్వరం వస్తే, ‘మాకిది అలవాటే’ అనుకోకుండా వెంటనే రక్తపరీక్ష చేయించుకోండి.