గాజుతొట్టిలో సముద్రపు నత్తల సంతతి

సూరత్ నగరమునకు చేరువనున్న డుమాస్ తీరమున నిలిచి చూచువారికి సముద్రము నీలముగాక బూడిదవన్నెతో గోచరించును. తాపీనది తెచ్చు ఒండ్రును, ఖంభాత్ సింధుశాఖలోని ప్రచండమైన ఆటుపోటులును ఆ నీటిని నిరంతరము కలచుచుండుటచే సూర్యరశ్మి లోతునకు దిగజాలదు, రశ్మి చొరనిచోట పగడపుదిబ్బ పెరుగదు. పగడములు జామ్‌నగర్ చెంత కచ్ఛ్ సింధుశాఖలో, 1982లో ఏర్పడిన సముద్ర జాతీయోద్యానమున, రక్షణలో నున్నవి. కావున మన తెలుగు నేతకుటుంబములు పెక్కు స్థిరపడిన సూరత్‌లోని లింబాయత్‌లో నైనను ఇంట పగడపుతొట్టి నిలుపగోరువారు, శుద్ధిచేసిన మంచినీటిలో లీటరునకు సుమారు 35 గ్రాముల వంతున సముద్రలవణ మిశ్రమమును కరిగించి, తమ సముద్రమును తామే కల్పించుకొనవలెను. వేసవి యెండలలో ఆ నీటిని 26 డిగ్రీల చెంత నిలుపుటకు చల్లబరచు యంత్రమును పెట్టవలెను.

అట్టి తొట్టిలో దీపము వెలిగిన కొలదిదినములకే గాజుపై పాచి పొర కట్టును. దానిని మేయు నత్తను దగ్గరగా చూడుడు: గాజునకు నోరానించి, ఆకురాయివంటి నాలుకతో గీకుచు మెల్లగా సాగును, సాగినమేర పాచిలో వంకరటింకరగా తేటగీతలు మిగులును. రాడ్యులా యనబడు ఆ నాలుకపై బారులుతీరిన సూక్ష్మదంతములు అరిగినకొలది వెనుకనుండి క్రొత్తవి ముందునకు వచ్చుచునే యుండును.

ఇట్టి నత్తలకు తొట్టిలో సంతతి యేల నిలువదని పలువురు చింతించి, నీటిలో నేదో మందు కొరవడెనని తలంతురు. నా అభిప్రాయమున ముందు చూడవలసినది నీటిని గాదు, నత్త జాతిని. పిల్ల గ్రుడ్డునుండి వెలువడిన పిదప ఎన్నినాళ్లు నీటిలో తేలియాడవలెనో దానిని బట్టియే ఫలము నిర్ణయమగును. నెరైట్ నత్త నువ్వుగింజలవంటి తెల్లని గ్రుడ్డుసంచులను రాళ్లపైనను, తోడినత్తల గుల్లలపైనను ధారాళముగా అంటించును. కాని వానినుండి వెడలు డింభకములు వారములతరబడి సూక్ష్మశైవలములను తినుచు తేలియాడవలసినవి గావున, పంపులును వడపోతలును వానిని బ్రదుకనీయవు. ట్రోకస్ నత్తలు బీజములను నీటిలోనికే విడుచును; వాని డింభకము గ్రుడ్డుసొనతోనే పోషణ పొంది సుమారు మూడు దినములలో అడుగునకు దిగును. స్టొమటెల్లా మఱింత అనుకూలమైనది. చెవివంటి చిన్నగుల్లను వీపున మోయు ఈ నత్త, దీపమార్పిన పిమ్మట రాళ్ల కొనకెక్కి పాలపొగవంటి బీజధారను వెడలించును. కొన్ని వారములు గడచి రాతిని తిరుగవేసి చూచినచో ఆవగింజలంత పిల్లలు వెలుతురునుండి తొలగుచు కనబడును.

గృహస్థుడు చేయదగినది స్వల్పమే. నత్త బీజము విడిచిన రాత్రి, గాలిబుడగలు మాత్రము నడవనిచ్చి, పెద్దపంపును, నురుగుతీయు యంత్రమును కొన్ని గంటలు ఆపవలెను. ముందుగాజును తుడిచినను వెనుకగాజుపై పాచిని విడువవలెను, ఏలయన పిల్లల తొలిమేత అదియే. తూత్తుకుడిలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు పిల్లలను పుట్టించిన హాలియోటిస్ వేరియా యను చెవినత్తయు ఇట్లే పాచి మేయునది. దానివంటి నత్తలను పెంచు హేచరీలలో డయాటములు పేరుకొన్న పలకలే పిల్లలకు ఉయ్యెలయు, భోజనపాత్రయు.

జరీ పనిచే రాగితీగ సుపరిచితమైన ఈ సూరత్ పట్టణమున ఒక్కమాట గట్టిగా చెప్పవలెను. చేపల రోగములకు వాడు మందులలో పెక్కింట రాగి యుండును. చేపకు మేలుచేయు మోతాదే నత్తకు ప్రాణాంతకము. సీసాపై వ్రాసినది చదువక చుక్కయైనను తొట్టిలో వేయకుడు. మీ యింట పిల్లలు పెరిగినచో పొరుగు తొట్టికి పది పంపుడు. జామ్‌నగర్ దిబ్బలనుండి మాత్రము ఒక్క నత్తనైనను తీయకుడు.