తీతువు గుడ్లు – నా మొదటి ఫోటో

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నారు. తెలకపల్లి వచ్చినప్పుడల్లా నేను చేసే పని ఒకటుంది. పొద్దున్నే చెరువు కట్ట వైపు పోయి పిట్టలను, పురుగులను చూడడం, వీలైతే ఫోటో తీయడం. దాని గురించే రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. కెమెరా ఉన్న ఫోన్ కొన్న కొత్తలో, ఎండాకాలం, చెరువు పక్క బీడులో తీతువు పిట్ట గుడ్లు కనబడ్డాయి. తీతువు చెట్టు మీద గూడు కట్టదు. నేల మీద చిన్న గుంటలో, మట్టి రంగుపై నల్ల మచ్చలున్న నాలుగు గుడ్లు. అడుగు పడేదాకా అవి రాళ్లో గుడ్లో తెలియదు. దగ్గర నుంచి తీద్దామని అక్కడే కూర్చున్నాను. తల్లి నా నెత్తి మీద తిరుగుతూ ఒకటే అరుపు. తీతువు అరిస్తే అపశకునమంటారు మన పెద్దలు. అది గుడ్ల కోసం అరుస్తున్నదని నాకు తట్టలేదు. ఎండాకాలంలో గుడ్లకు వెచ్చదనం కాదు, నీడ కావాలి. అందుకే తీతువు నీళ్లలో పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. నేను అరగంటసేపు దాన్ని రానివ్వలేదు. మర్నాడు పోయి చూస్తే గుంట ఖాళీ. కాకులు నన్ను చూసి చోటు కనిపెట్టాయో, కుక్కలే తిన్నాయో! ఫోటో కూడా మసకగానే వచ్చింది.

1931-32లో సలీం అలీ గారు నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేశారు. మనకు దగ్గరలోని నల్లమలలో, మన్ననూరు, ఫరహాబాద్ ప్రాంతాలకూ వచ్చారు. ఆ రోజుల్లో పక్షిని తుపాకితో కొట్టి, చర్మం భద్రపరచి పేరు తేల్చేవారు. శాస్త్రమంటే అదే పద్ధతి. ఇప్పుడు చాలావరకు ఆ పని ఫోటో చేస్తుంది, పిట్ట బతికే ఉంటుంది. నా దృష్టిలో ఫోటోకున్న గొప్ప అదొక్కటే. అందుకే ఆనాటి నుంచి గూడు దగ్గర ఫోటో తీయడం మానేశాను.

పిట్టల కోసం ఆరు నుంచి ఎనిమిది గంటల మధ్య వెళ్లాలి. సూర్యుడు మన వీపు వెనుక ఉండాలి. తెల్ల చొక్కా వద్దు. పిట్ట వైపు నేరుగా నడవకుండా, అది వచ్చే చోట ముందే కూర్చోవాలి. మేకలు కాసే పిల్లలకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. పాలపిట్ట కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు మట్టి రంగులో మామూలుగా ఉంటుంది. ఎగిరినప్పుడే రెక్కల్లో నీలం బయటపడుతుంది. దసరా రోజు దాన్ని పంజరంలో పెట్టి చూపించి డబ్బులడిగేవాళ్లున్నారు, అలా చూస్తే ఆ నీలం కనబడేదెట్లా?

ఫోన్‌తో పిట్టలు అంతగా రావు, దూరం చాలదు. పురుగులు మాత్రం చక్కగా వస్తాయి. చలికాలం పొద్దున సీతాకోకచిలుక ఒళ్లు వేడెక్కేదాకా ఎగరలేదు, జానెడు దూరంలో పెట్టి తీయవచ్చు. జిల్లేడు ఆకు మీద నలుపు, పసుపు చారల గొంగళిపురుగు ఉంటుంది. జిల్లేడు పాలలోని విషం దాని ఒంట్లో చేరుతుంది కాబట్టి చాలా పిట్టలు దాని జోలికి రావు. కరివేపాకు మీద ఉండేది మరో రకం. చిన్నప్పుడు అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, పెద్దయ్యాక పచ్చబడుతుంది. కదిలిస్తే తల వెనుక నుంచి ఎర్రని కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది.

ఫోన్ లేనివాళ్లు దిగులు పడనక్కర లేదు. పాత నోటుబుక్కులో తేదీ, సమయం, చోటు, ఏం చేస్తుండగా చూశారో రాసి, పక్కన బొమ్మ గీసినా చాలు. తొలకరికి ఎర్ర మఖమల్ లాంటి ఆరుద్ర పురుగులు వస్తాయి కదా, అప్పుడు మొదలుపెట్టండి. ఒకదాని కాళ్లు లెక్కపెట్టి చూడండి. పురుగులకు ఆరు కాళ్లని పుస్తకంలో చదివాం, దీనికి ఎనిమిది ఉంటాయి. పేరుకే పురుగు, నిజానికి సాలీడు చుట్టం.