సముద్రం పడనివాళ్ళకు: అపోహలు – వాస్తవాలు

విశాఖ రేవులో క్రూజ్ టెర్మినల్ 2023లో మొదలైంది. అంతకు ముందు ఏడాది జూన్‌లోనే కార్డీలియా సంస్థ ఎంప్రెస్ ఓడ చెన్నై నుంచి విశాఖకు వచ్చి వెళ్ళింది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలకు నయాగరా ఎంత మామూలో, అలాస్కా క్రూజ్, బహామాస్ క్రూజ్ ఇప్పుడు అంతే మామూలు అవుతున్నాయి. టికెట్లు తీసుకున్న రోజు నుంచీ ఇంట్లో అందరినీ తొలిచే ప్రశ్న ఒకటి ఉంటుంది: "అమ్మకు బస్సే పడదు, ఓడ పడుతుందా?" చుట్టాలు, పక్కింటివాళ్ళు, వాట్సాప్ గ్రూపులు తలా ఒక సలహా ఇస్తారు. వాటిలో కొన్ని పనికొస్తాయి, చాలావరకు పనికిరావు. ఒకటి రెండు పెద్దవయసువాళ్ళకు హాని కూడా చేస్తాయి.

అపోహ: సత్తువ లేనివాళ్ళకే, భయస్తులకే ఇది వస్తుంది

అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఈ మాటే. వాంతి చేసుకుంటున్న మనిషికి "మనసు గట్టి చేసుకో" అని చెప్పడం వల్ల కడుపు కుదుటపడదు. తనవల్ల అందరి సరదా పాడైందన్న సిగ్గు మాత్రం మిగులుతుంది.

అసలు కారణం చెవి లోపల ఉంది. అక్కడ మూడు అర్ధవలయాకారపు సన్నటి గొట్టాలుంటాయి. వాటిలోని ద్రవం తల ఎటు తిరిగిందో పసిగడుతుంది. వాటిని ఆనుకుని రెండు చిన్న సంచులు, ఆ సంచుల్లో సున్నపు రేణువులు ఉంటాయి. మనం పైకి లేచినా, కిందికి దిగినా, ముందుకు జరిగినా ఆ రేణువుల వల్లే తెలుస్తుంది. ఓడ గదిలో కూర్చున్నప్పుడు మంచం, బల్ల, గోడ అన్నీ మనతో పాటే ఊగుతాయి కాబట్టి కళ్ళకు ఏదీ కదిలినట్టు కనబడదు. చెవికి మాత్రం ఒళ్ళు లేచి పడుతున్నట్టు తెలుస్తూనే ఉంటుంది. కన్ను చెప్పేదీ చెవి చెప్పేదీ పొసగక మెదడు తికమకపడుతుంది, ఆ తికమకే కడుపులో దేవడంగా బయటపడుతుంది. అంటే చెవి చక్కగా పనిచేస్తున్నవాళ్ళకే సముద్రం పడకపోవడమన్నది ఉంటుంది.

దీనికి గట్టి రుజువు 1950ల చివర్లో మొదలైన పరీక్షల్లో దొరికింది. వాషింగ్టన్‌లోని గాలుడెట్ కళాశాలకు చెందిన 11 మంది బధిరుల మీద అమెరికా నౌకాదళ శాస్త్రవేత్తలు అంతరిక్ష ప్రయాణం కోసం పరీక్షలు చేశారు. వాళ్ళలో ఎక్కువమందికి చిన్నప్పుడు మెనింజైటిస్ వచ్చి, వినికిడితో పాటు లోపలి చెవిలోని తూకం చూసే భాగం కూడా దెబ్బతింది. కెనడాలోని నోవా స్కోషియా తీరానికి ఆవల, అల్లకల్లోలంగా ఉన్న సముద్రంలోకి వాళ్ళను ఓడలో తీసుకెళ్ళారు. ఈ 11 మందీ హాయిగా పేకాడుకుంటూ కూర్చున్నారు. పరీక్ష చేయవలసిన శాస్త్రవేత్తలే వాంతులతో పడిపోవడంతో ఆ ప్రయోగాన్ని మధ్యలో ఆపేయవలసి వచ్చింది. 1831 డిసెంబరులో బీగిల్ ఓడ ఎక్కిన చార్లెస్ డార్విన్ దాదాపు అయిదేళ్ళ ప్రయాణంలో పదేపదే ఈ బాధ పడ్డాడు. ట్రఫాల్గర్ యుద్ధం గెలిపించిన నెల్సన్‌కూ గాలి పెరిగితే కడుపులో తిప్పేది. వాళ్ళను పిరికివాళ్ళని ఎవరంటారు?

ఎవరికి ఎక్కువగా వస్తుందన్నది కూడా చాలావరకు తెలిసిన విషయమే. 2 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు, గర్భిణులకు, మైగ్రేన్ ఉన్నవాళ్ళకు ఎక్కువ. మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళకు కొంచెం ఎక్కువ. రెండేళ్ళలోపు పసివాళ్ళకు అరుదు. యాభై దాటాక సాధారణంగా తగ్గుతుంది, కాబట్టి అమ్మమ్మ కన్నా మనవడి గురించే ముందు ఆలోచించాలి.

అపోహ: ఓడ పెద్దదైతే ఊగదు

ఓడ పెద్దదైతే ఊపు తక్కువ అన్నంతవరకు నిజం. అసలు ఊగదనుకోవడం పొరపాటు. ఎంప్రెస్ పొడవు దాదాపు 210 మీటర్లు. నడిసముద్రంలో 12 సెకన్లకు ఒకటి చొప్పున వచ్చే పొడవాటి అల శిఖరానికీ, దాని వెనక శిఖరానికీ మధ్య దూరం 220 మీటర్లు దాటుతుంది. అలాంటి అల ముందు ఇంత ఓడ కూడా ముక్కు ఎత్తి దించక తప్పదు. ఆ కదలిక ఎంత పెద్దదన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఎంత సేపటికోసారి వస్తుందన్నది కూడా ముఖ్యం. సుమారు 5 సెకన్లకు ఒకసారి లేచి దిగే ఊపు మనిషిని అన్నిటికన్నా ఎక్కువ బాధపెడుతుందని పరిశోధనలు తేల్చాయి.

"ఓడకు స్టెబిలైజర్లు ఉన్నాయి" అని టికెట్లు అమ్మేవాళ్ళు ధీమాగా చెబుతారు. నీటిలో ఓడకు రెండు పక్కలా చాచి ఉండే ఆ రెక్కలు పక్కలకు ఒరగడాన్ని బాగా తగ్గిస్తాయి. ముందూవెనకా లేచి పడడాన్ని, ఓడ మొత్తంగా పైకీ కిందికీ కదలడాన్ని అవి పెద్దగా ఆపలేవు. అందుకే గది ఎంపికలో జాగ్రత్తపడాలి. ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తుల్లో ఊపు తక్కువ. ముక్కు దగ్గర, పై అంతస్తుల్లో ఎక్కువ. బాల్కనీతో ఉన్న పై గది చూడముచ్చటగా ఉంటుంది, ఖరీదూ ఎక్కువే. కానీ బస్సు పడని మనిషికి డబ్బు పోసి ఆ గది కొనడం నాకు నచ్చదు.

కాలం, దారి కూడా చూసుకోవాలి. బంగాళాఖాతం జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులతో కదిలిపోతూ ఉంటుంది, అక్టోబరు నుంచి డిసెంబరు తుఫానుల కాలం. జనవరి మొదలు మార్చి దాకా కాస్త నెమ్మది. అలాస్కా వెళ్ళేవాళ్ళు తెలుసుకోవలసింది మరొకటి ఉంది. వాంకూవర్ నుంచి బయల్దేరే ఓడలు ఎక్కువ భాగం దీవుల చాటున ఇన్‌సైడ్ పాసేజ్‌లో వెళతాయి, అక్కడ నీళ్ళు చెరువులా ఉంటాయి. సియాటిల్ నుంచి బయల్దేరేవి చాలావరకు వాంకూవర్ ద్వీపానికి పడమరగా, నేరుగా పసిఫిక్ మహాసముద్రంలో వెళతాయి. పేరు అలాస్కా క్రూజే అయినా దారులు వేరు.

మూడు రాత్రుల చిన్న విహారమైతే ఏమీ కాదనుకోవడం కూడా పొరపాటే. ఊపుకు ఒళ్ళు అలవాటు పడడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అలవాటయ్యే వేళకు ఓడ దిగే రోజు వచ్చేస్తుంది. విశాఖ నుంచి అండమాన్‌కు రెండు రోజులకు పైగా ఓడలో వెళ్ళే ఉత్తరాంధ్ర కుటుంబాలకు మొదటి రోజు ఎంత కష్టమో తెలుసు.

అపోహ: కడుపు ఖాళీగా ఉంచుకుంటే వాంతి రాదు

వస్తుంది. ఖాళీ కడుపుతో వికారం ఇంకా పెరుగుతుంది, పైగా వాంతిలో పసరు తప్ప ఏమీ ఉండదు కాబట్టి బాధ రెట్టింపు. బయల్దేరే ముందు రెండు ఇడ్లీలో, కొంచెం పెరుగన్నమో తినాలి. ఆ తర్వాత రెండు మూడు గంటలకోసారి బిస్కట్లు, బ్రెడ్డు ముక్క వంటివి కొద్దికొద్దిగా తీసుకోవాలి. ఓడలో బఫే రోజంతా తెరిచే ఉంటుంది, దానికి ఆశపడి మొదటి రోజే నూనె వంటకాలతో పొట్ట నింపుకోకూడదు. మద్యం సంగతి వేరే చెప్పాలి. అది లోపలి చెవిలోని ద్రవానికీ, అందులో కదిలే పొరకూ ఉన్న బరువు పొంతనను చెడగొడుతుంది. అంటే ఓడ ఊగకముందే చెవి తప్పు కబురు పంపడం మొదలెడుతుంది.

అపోహ: వాంతి మొదలైతే అప్పుడు మాత్ర వేసుకుందాం, ఏ వాంతి మాత్రైనా ఒకటే

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. వికారం మొదలవగానే కడుపు కదలికలు మందగిస్తాయి. మాత్ర మింగినా పేగుల దాకా వెళ్ళకుండా కడుపులోనే ఉండిపోతుంది, లేకపోతే వాంతిలో బయటికి వచ్చేస్తుంది. కాబట్టి ఇవి ముందుగా వేసుకోవలసిన మందులు. మన ఇళ్ళలో అందరికీ తెలిసిన ఎవోమిన్, అంటే ప్రొమెథజీన్, దూర ప్రయాణానికైతే ముందు రోజు రాత్రి పడుకోబోయే ముందు, దగ్గరి ప్రయాణానికైతే గంటా రెండు గంటల ముందు వేసుకోవాలి. సినారిజైన్‌కు రెండు గంటలు కావాలి. అమెరికాలో డాక్టరు చీటీ లేకుండా దొరికే మెక్లిజైన్‌కు గంట, డ్రామమైన్‌కు అరగంట నుంచి గంట.

డ్రామమైన్ ఎలా దొరికిందో చెప్పుకోవాలి. 1947లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో ఒక గర్భిణికి దద్దుర్లకని కొత్త మందు ఇచ్చారు. ట్రామ్ ఎక్కితే ఎప్పుడూ వాంతి అయ్యే తనకు ఇప్పుడు రావడం లేదని ఆమె డాక్టర్లతో చెప్పింది. డాక్టర్లు లెస్లీ గే, పాల్ కార్లినర్ ఆ మాటను కొట్టిపారేయలేదు. అదే ఏడాది నవంబరులో న్యూయార్క్ నుంచి జర్మనీ వెళుతున్న సైనిక ఓడలో సిపాయిల మీద పరీక్షించి చూశారు. మందు పనిచేసింది. అలర్జీ మందుకు ఈ గుణం రావడానికి కారణం, అది మెదడులోకి చేరి అక్కడ హిస్టమిన్ పనిని ఆపడం. అందుకే దానితో నిద్ర కూడా వస్తుంది. నిద్ర రాకుండా తయారుచేసిన ఫెక్సోఫెనడిన్ వంటి మందులు మెదడులోకి పెద్దగా చేరవు కాబట్టి ఓడలో అక్కరకు రావు.

వాంతులనగానే మందుల షాపులో చేతికిచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ కూడా అంతే. కీమోథెరపీ వాంతులకూ, పిల్లల విరేచనాల్లో వచ్చే వాంతులకూ అది మంచి మందు. ఊపు వల్ల వచ్చే వికారం మాత్రం వేరే దారిలో వస్తుంది కాబట్టి దానికి ఇది సరిగా పనిచేయదు. సామాన్లో అది ఒక్కటే సర్దుకుని ధీమాగా ఓడ ఎక్కేవాళ్ళు చాలామంది ఉన్నారు.

చెవి వెనక అంటించే స్కోపొలమిన్ పట్టీ గురించి ఒక్క హెచ్చరిక. కనీసం 4 గంటల ముందు అంటిస్తే మూడు రోజులు పనిచేస్తుంది, నిజంగానే బాగా పనిచేస్తుంది. కానీ నీటికాసులు అనే గ్లకోమా ఉన్నవాళ్ళకూ, ప్రోస్టేట్ వాపు ఉన్నవాళ్ళకూ ప్రమాదం. పెద్దవయసువాళ్ళకు ఒక్కోసారి మతి తప్పినట్టు మాటలు తడబడతాయి. కొడుకు తన చీటీ మీద తెచ్చుకున్న పట్టీని నాన్నకు అంటించడం ప్రేమే కావచ్చు, చేయవలసిన పని మాత్రం కాదు. పట్టీ ముట్టుకున్న చేత్తో కన్ను నలుపుకుంటే కనుపాప పెద్దదై చూపు మసకబారుతుంది, వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ప్రొమెథజీన్ రెండేళ్ళలోపు పిల్లలకు అసలు ఇవ్వకూడదు, సినారిజైన్ పార్కిన్సన్ ఉన్నవాళ్ళకు పడదు. ఏ మందైనా ప్రయాణానికి వారం ముందు డాక్టరుకు చూపించి, ఇంట్లో ఒకరోజు వేసుకుని, మత్తు ఎంత ఉందో చూసుకుని బయల్దేరడం మేలు.

అపోహ: అల్లం, నిమ్మకాయ, చేతిపట్టీ ఉంటే మందు అక్కర్లేదు

అల్లానికి కొంత ఆధారం ఉంది. డెన్మార్క్ నౌకాదళంలో శిక్షణ పొందే 80 మందికి 1 గ్రాము చొప్పున అల్లం పొడి ఇచ్చి చూస్తే వాంతులు తగ్గాయని 1988లో ప్రచురించారు. తర్వాతి పరిశోధనలన్నీ అదే మాట చెప్పలేదు. నెమ్మదిగా ఉన్న సముద్రానికి అల్లం మురబ్బా చాలు, గాలి పెరిగిన రాత్రికి చాలదు. మణికట్టు మీద నొక్కే పట్టీలతో ఫలితం అంతంతమాత్రం, హాని లేదు. నిమ్మకాయ వాసన డీజిల్, వంటగది వాసనలను కప్పేస్తుంది, అంతవరకు మేలే.

అపోహ: తలుపు వేసుకుని గదిలో కూర్చుంటే తగ్గుతుంది

ముందు లక్షణాలు గుర్తుపట్టాలి. భోజనాల గదిలో నాన్న మాటలు తగ్గించేస్తారు. వరసగా ఆవలిస్తారు, నోట్లో ఊరే నీళ్ళు మింగుతూ ఉంటారు. పై పెదవి మీద చల్లటి చెమట, మొహం పాలిపోయి ఉంటుంది. "ఆకలి లేదమ్మా, అంతే" అంటారు. వాంతికి ఇంకా కొంత సమయం ఉందన్నమాట. అప్పుడే లేపి బయటి డెక్ మీదికి, ఓడ మధ్య భాగానికి తీసుకెళ్ళాలి. తల కదపకుండా నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత వైపు చూడమనాలి. ఆ గీత కదలదు కాబట్టి కన్నూ చెవీ మళ్ళీ ఒకే మాట చెబుతాయి. ఫోన్ చూడడం, పుస్తకం చదవడం, బైనాక్యులర్లో చూడడం వెంటనే ఆపాలి. బయటికి వెళ్ళే ఓపిక లేకపోతే వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకోవడం రెండో మార్గం. కళ్ళు తెరుచుకుని నాలుగు గోడల మధ్య కూర్చోవడమే అన్నిటికన్నా చెడ్డది.

అపోహ: బస్సు పడనివాళ్ళకు ఓడ కూడా పడదు

అవకాశం ఎక్కువే, కానీ ఖాయం కాదు. ఎప్పుడూ ఏమీ కానివాళ్ళకు గట్టి గాలిలో వచ్చేయవచ్చు కూడా.

అపోహ: ఓడలో వాంతులంటే సముద్రం వల్లే

విరేచనాలు, జ్వరం కూడా ఉంటే నోరోవైరస్ కావచ్చు, అది ఓడల్లో వేగంగా పాకుతుంది. దానికి శానిటైజర్ చాలదు, సబ్బూ నీళ్ళే దిక్కు. వెంటనే ఓడ డాక్టరుకు చెప్పాలి. షుగరు, గుండెజబ్బు ఉన్న పెద్దవాళ్ళకు చెమటలతో వికారం వచ్చి, ఛాతీలో పట్టేసినట్టున్నా, ఆయాసం ఉన్నా సముద్రం మీద నెట్టేయకూడదు. ఇన్సులిన్ తీసుకుని తిన్నది కక్కేస్తే షుగరు పడిపోతుంది, ఆ పూట గ్లూకోమీటరు చూడకుండా పడుకోనివ్వకండి.

ఒంట్లో నీళ్ళు తగ్గకుండా ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇంటి దగ్గరే కొని పెట్టుకోవాలి. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చూడండి. ఓఆర్‌ఎస్ పేరుతో అమ్ముడైన తీపి పానీయాల మీద హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ వాటి పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది.

అపోహ: ఓడ దిగితే అంతా సర్దుకుంటుంది

వాంతులు ఆగిపోతాయి. కానీ నేల ఊగుతున్నట్టు, స్నానాల గదిలో కళ్ళు మూసుకుంటే ఒరిగిపోతున్నట్టు చాలామందికి ఒకటి రెండు రోజులు అనిపిస్తుంది. ఊపుకు అలవాటుపడిన మెదడు మళ్ళీ నేలకు అలవాటు పడాలి కదా. ఆ రెండు రోజులూ మెట్లు దిగేటప్పుడు రెయిలింగు పట్టుకోవాలి, కారు నడపకూడదు. అరుదుగా కొందరికి, అందులోనూ నడివయసు ఆడవాళ్ళకు, ఈ ఊగుడు నెల దాటినా పోదు. దాన్ని నీరసమనో, మెడ నొప్పి వల్లనో అనుకుని తిరుగుతూ ఉంటారు. అలాంటివాళ్ళు చెవి డాక్టరు దగ్గరికో న్యూరాలజిస్టు దగ్గరికో వెళ్ళి, ఓడ ప్రయాణం చేసిన సంగతి మొట్టమొదట చెప్పాలి. ఆ ఒక్క వివరం చెప్పకపోతే అసలు జబ్బు దొరకడానికి చాలా కాలం పడుతుంది.