పెళ్లి ఖర్చుకు కళ్లెం వేసేదెవరు?

ఒకప్పుడు తెలుగు పెళ్లిలో కనిపించని సంగీత్, మెహందీ, ప్రీ వెడ్డింగ్ షూట్ ఇప్పుడు మధ్యతరగతి ఇళ్లలోనూ తప్పనిసరి అయ్యాయి. ఒక్కో వేడుకకూ విడిగా అలంకరణ, దుస్తులు, భోజనాలు కావాలి. భారమని తెలిసినా తగ్గించడానికి ఎవరూ ముందుకు రారు. తగ్గిస్తే నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం అప్పు భయాన్ని మించిపోతోంది.

ఒక్క కుటుంబం వల్ల కాని పనిని నిబంధనలతో సాధించాలని ప్రభుత్వాలు ప్రయత్నించాయి. పాకిస్తాన్ 1997లో పెళ్లి విందులపై ఆంక్షలు విధించింది. అక్కడి పంజాబ్ రాష్ట్రం 2016 చట్టంతో విందును ఒకే ప్రధాన వంటకానికి పరిమితం చేసి, రాత్రి 10 గంటలకల్లా వేడుక ముగించాలంది. మన దేశంలో 2017లో జమ్ముకశ్మీర్ ప్రభుత్వం అమ్మాయి పెళ్లికి 500, అబ్బాయి పెళ్లికి 400 మంది అతిథులే ఉండాలని ఆదేశించింది. దుబారాను అరికట్టాలంటూ లోక్‌సభలో వచ్చిన ప్రైవేటు బిల్లులు చట్టాలు కాలేదు.

ఇలాంటి నిబంధనల అమలు కష్టం. పెళ్లి పెళ్లికీ వెళ్లి విస్తర్లు లెక్కపెట్టే యంత్రాంగం ఎక్కడా లేదు. వంటకాలు తగ్గిస్తే ఆ డబ్బు వేదిక మీదకో, నగల మీదకో మళ్లుతుంది. అయినా నిబంధన ఒక మేలు చేస్తుంది. తగ్గించాలనుకునే వారికి అది సాకు అవుతుంది. కరోనా కాలంలో, 2020 మే నెలలో, అతిథులను 50 మందికి పరిమితం చేసినప్పుడు పిలవలేదని నిష్ఠూరమాడేందుకు బంధువులకు పెద్దగా అవకాశం లేకపోయింది.

ఊరు ఊరంతా ఒక మాట మీద నిలబడినా ఇదే ఫలితం ఉంటుంది. ఉత్తరాఖండ్‌లోని జౌన్సార్ ప్రాంతంలో రెండు గ్రామాలు 2025లో పెళ్లిళ్లకు వచ్చే మహిళలు మూడు నగలే ధరించాలని తీర్మానించాయి. బంగారం ధర మండిపోతున్న వేళ పేద ఇళ్లపై ఒత్తిడి తగ్గించడమే దాని ఉద్దేశం.

నగరాల్లో అలాంటి ఊరుమ్మడి కట్టుబాటు ఉండదు. అక్కడ మిగిలేది రెండు కుటుంబాల ఒప్పందమే. ‘కట్నం వద్దు, పెళ్లి మాత్రం ఘనంగా చేయండి’ అనే మాట మన దగ్గర కొత్తేమీ కాదు. కట్నం 1961 నుంచే నేరం. పెళ్లి ఘనతకు మాత్రం ఏ చట్టమూ అడ్డు రాదు. ఆడపిల్ల తండ్రి నోరు విప్పి ‘తగ్గిద్దాం’ అంటే పిసినారితనం అంటారు. అదే మాట మగపెళ్లివారు, ఫంక్షన్ హాలుకు అడ్వాన్సు కట్టకముందే అంటే, ఒక కుటుంబం అప్పు నుంచి బయటపడుతుంది.