వాలు మూతకు వాలు అంచు: టేకు పలక వృథా కాకుండా కోసే విధానం

చంద్రపూర్ జిల్లా టేకుకు పేరెన్నికగన్నది. అయోధ్య రామమందిరపు తలుపుల కోసం 2023 మార్చిలో బల్లార్‌పూర్ డిపో నుండి టేకు తరలివెళ్లింది. ఆ తలుపులను తీర్చిదిద్దినది హైదరాబాదుకు చెందిన అనూరాధా టింబర్స్ సంస్థ. అంతటి ఖ్యాతి గల కలప ఖరీదు నేడు సామాన్య కుటుంబానికి భారమే. ఒక్క కోత తప్పినా పలక వృథా అవుతుంది. వాలు మూత గల గల్లాపెట్టె, రాతబల్ల, ధాన్యపు పెట్టె చేయించేటప్పుడు ఈ పొరపాటు తరచుగా జరుగుతుంది.

మూత వాలుగా ఉన్నప్పుడు దాని కింద నిలిచే ముందు పలక, వెనుక పలకల పై అంచులు కూడా అదే వాలులో ఉండాలి. అంచును సమంగా కోస్తే మూత ఒక గీతపైనే ఆనుతుంది, మిగిలిన చోట సందు పడుతుంది. ఆ సందులోనుండి తేమ, పురుగు లోపలికి చేరుతాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. పెట్టె ముందు ఎత్తు 20 సెంటీమీటర్లు, వెనుక ఎత్తు 30, లోతు 40, పలక మందం 2 సెంటీమీటర్లు. ముందు, వెనుక పలకలు రెండు పక్క పలకల నడుమ బిగుస్తాయి. 40 సెంటీమీటర్ల దూరంలో 10 ఎత్తు పెరుగుతున్నది, అనగా 4కు 1 వాలు. ఇది సుమారు 14 డిగ్రీలు. కనుక 2 సెంటీమీటర్ల మందంలో అర సెంటీమీటరు తేడా వస్తుంది. ముందు పలక బయటి వైపు 20 ఉంటే లోపలి వైపు 20.5 ఉండాలి. వెనుక పలక బయటి వైపు 30 ఉంటే లోపలి వైపు 29.5 చాలు.

ఇక్కడే అసలు మెలకువ ఉన్నది. ముందు పలకను మొదటే 20కి కోసివేస్తే లోపలి అర సెంటీమీటరును మరల తేలేము. అందువలన ప్రతి పలకను దాని హెచ్చు ఎత్తుకు కోసుకొని, తరువాతనే వాలు దింపాలి. మూత పొడవు కూడా 40 కాదు. వాలు వెంట కొలిస్తే సుమారు 41.2 సెంటీమీటర్లు వస్తుంది. ముందుకు చూరులా రావలసినది దీనికి అదనం.

డిగ్రీల లెక్క తెలియనివారికి పక్క పలకే కొలబద్ద. మొదట రెండు పక్క పలకలను జతగా బిగించి, వాలు గీత గీసి కోయాలి. వాటి అంచును చిత్రిక పట్టేటప్పుడు ఎత్తైన కొస నుండి పల్లపు కొసకు నడపాలి. ఎదురు నడిపితే నార లేచి చీలుతుంది. తరువాత కోణం మార్చుకునే మూలమట్టాన్ని పక్క పలక వాలుకు సరిపెట్టి, ఆ కోణాన్నే ముందు, వెనుక పలకల కొసలపై గీయాలి. బయటి, లోపలి ముఖాలపై కూడా గీతలు గీసుకోవాలి.

చేతి రంపమైతే గీతకు కొంచెం బయటగా కోసి, మిగిలినది చిత్రికతో రెండు గీతలూ అందేవరకు తీయాలి. విద్యుత్ రంపమైతే దాని పీటను 14 డిగ్రీలకు వంచి, మొదట పనికిరాని ముక్కపై కోసి పక్క పలకతో సరిచూడాలి. వంచిన రంపం పక్కకు జారే ప్రమాదం ఉన్నది గనుక పలకను బల్లకు గట్టిగా బిగించిన తరువాతనే కోత మొదలుపెట్టాలి.

మేకులు కొట్టకముందే నాలుగు పలకలను నిలిపి, మూత పెట్టి వెలుతురుకెదురుగా చూడాలి. వెలుగు కనిపించిన చోట సందు ఉన్నట్లు. ఆ చోటికి ఎదురైన ఎత్తును కొద్ది కొద్దిగా చిత్రిక పట్టాలి.

కలప కొన్న రసీదును భద్రపరచుకొనుట, సరిహద్దు దాటించవలసి వస్తే అటవీశాఖ రవాణా అనుమతి పత్రం ముందుగానే తీసుకొనుట మరువరాదు. గీత గీయుటకు పట్టే పావుగంట తరతరాలు నిలిచే పెట్టెను ఇస్తుంది.