చోడి అంబలి

కొరాపుట్, రాయగడ కొండ ప్రాంతాల్లో ఎండలో పనిచేసేవారికి బలమిచ్చే పానీయం చోడి అంబలి. చోళ్లనే రాగులనీ, తైదలనీ అంటారు. ఒడియావారు ఈ అంబలిని మాండియా పేజ్ అంటారు. ఇక్కడి గిరిజనులు దీనిని ఎండిన ఆనపబుర్రలో పోసుకొని పొలానికి తీసుకుపోతారు.

దీని తయారీ సులభం. రాత్రి చోడిపిండిని నీటిలో కలిపి మూతపెట్టాలి. తెల్లవారేసరికి అది కొద్దిగా పులుస్తుంది. మరిగే నీటిలో గుప్పెడు నూకలు ఉడికించి, ఆ పిండినీరు పోసి, ఉండకట్టకుండా కలుపుతూ చిక్కబడేవరకు ఉడికించాలి. చల్లారాక మజ్జిగ కలుపుకొని, ఉల్లిపాయ నంజుకొని తాగవచ్చు.

నూరు గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఇది ఎముకలకు బలం. కూరగాయల రసాన్ని వడకడితే పీచు పిప్పిలో పోతుంది. చోళ్లను పొట్టుతోనే విసురుతారు కనుక అంబలిలో పీచు నిలుస్తుంది. పీచు వల్ల ఆహారం నెమ్మదిగా జీర్ణమై, చాలాసేపు శక్తి అందుతుంది. రక్తంలో కొవ్వు తగ్గడానికీ పీచు తోడ్పడుతుంది. అందుచేత గుండెకు మేలు. అయితే ఉప్పు ఎక్కువైతే రక్తపోటు పెరుగుతుంది. చిటికెడు ఉప్పు చాలు.

తెల్లబియ్యం, సీసా పానీయాలు వచ్చాక చోళ్లు 'పేదల తిండి'గా లోకువయ్యాయి. తినేవారు తగ్గితే పండించేవారు తగ్గుతారు. చివరకు విత్తనమే నశిస్తుంది. అందుకే ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల పథకం ప్రారంభించింది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. అంబలి తాగి బడికి వచ్చే పిల్లలు ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు.