రజియా బేగము – రాజాగ్రహము

ఇటీవల ఒక పెండ్లికై మేము చండ్రుగొండ పోయియుంటిమి. ఖమ్మము సీమ పొలములు తరిగి, భద్రాచలపు అడవులు మొదలగు తావున నున్న ఊరది. ఒకప్పుడు నిజాము రాజ్యములోనిది. 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనిది. పెండ్లి ముగిసిన సాయంకాలము అరుగుమీద పెద్దల గోష్ఠి సాగినది. పంటలు, ధరలు, ఎన్నికలు అయిన పిమ్మట మాట ఒక ఇంటి సంగతికి దిగినది. బంధువర్గమునందలి యొక చదువుకొన్న పిల్ల వేరొక కులపు యువకుని వరించినదట. పెద్దలందరును ఏకకంఠముగా తగదనిరి. పరువు, వంశము, ఆస్తి – ఈ మూడు మాటలే పలుమారులు మా చెవిని బడినవి. ఆ పిల్ల వాకిలి కడ నిలువబడి వినుచునే యున్నది. ఆమెను ఎవ్వరును ఒక్క మాటయైనను అడుగలేదు.

ఆ రాత్రి భోజనములైన తరువాత ఆ పెద్దలే లోపల కూర్చుండి టెలివిజనులో 1953 నాటి ‘దేవదాసు’ చిత్రమును చూచిరి. అంతస్తుల భేదమువలన పార్వతిని కోల్పోయిన దేవదాసు తుదకు ఆమె వాకిట ప్రాణములు విడుచునపుడు, సాయంకాలము అందరికంటె గట్టిగా మాటాడిన పెద్దమనుష్యుడే ఉత్తరీయముతో కన్నులు తుడుచుకొనెను. తెరమీది ప్రేమకు కన్నీరు విడుచుటయు, ఇంటిలోని ప్రేమకు కన్నెఱ్ఱ చేయుటయు ఒక్క హృదయమున ఎట్లిముడునో మాకు బోధపడలేదు. ఆ రాత్రి నిదుర రాక, ఆ ఊరివారు ఒకప్పుడు ఏ ప్రభువునకు శిస్తు కట్టిరో ఆ ప్రభువునే తలచుకొంటిమి. ఆయన తెరమీది ప్రేమకును కన్నీరు విడువలేదు. దానిని చూపినవానిని రాజ్యమునుండియే వెడలగొట్టెను. ఆ కథ నేటి మన పాఠకులలో పెక్కుమందికి తెలియదు. తెలియవలసిన కథ.

ధీరేంద్రనాథ గంగూలీ వంగదేశీయుడు, 1893లో జన్మించినవాడు, శాంతినికేతనమున చదివినవాడు, చిత్రకారుడు. హైదరాబాదులో నిజాము చిత్రకళాశాలకు ప్రధానోపాధ్యాయుడుగా నుండి, పిమ్మట కలకత్తా పోయి, 1921లో ‘బిలాత్ ఫేరత్’ అను మూగచిత్రమున సీమనుండి తిరిగివచ్చిన యువకుని వేషమును తానే ధరించి, ఆ డాంబికమును పరిహసించి పేరు గాంచెను. 1922లో ఆయన మరల హైదరాబాదునకు వచ్చి, నిజాము ఆదరణతో లోటస్ ఫిలిం కంపెనీని నెలకొల్పెను. రెండేండ్లలో ‘ఇంద్రజిత్తు’, ‘హరగౌరి’, ‘యయాతి’, ‘చింతామణి’, ‘లేడీ టీచర్’ మొదలగు చిత్రములను తీసెను. పురాణము, హాస్యము, సంఘము – మూడింటను చేయి పెట్టెను. తన చిత్రములను, పరస్థలముల చిత్రములను ప్రదర్శించుటకు నగరమున ప్రదర్శనశాలలనుగూడ నడపెను.

ఇది సామాన్యమైన సంగతి కాదు. దక్షిణమున రఘుపతి వెంకయ్యనాయుడుగారు మద్రాసులో కంపెనీ పెట్టి, వారి కుమారుడు ప్రకాశ్ ‘భీష్మ ప్రతిజ్ఞ’ను తీసినది 1921లో. అంతకు ఒక్క యేడు వెనుకగా మూసీ తీరమున చిత్రనిర్మాణము ఆరంభమైనది. అనగా తెలుగునేలకు రెండు వాకిళ్లు దాదాపు ఒకేసారి తెరువబడినవి. వానిలో నొకటి ఎట్లు మూయబడినదో చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

అప్పటి హైదరాబాదు పరిస్థితిని పాఠకులు జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. రాజభాష ఉర్దూ, ప్రజలలో అధికసంఖ్యాకుల భాష తెలుగు. 1921 నవంబరులో నగరమున జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటాడబోగా సభలోనివారు ఎగతాళి చేసిరి. ఆ అవమానమునుండియే ఆంధ్ర జనసంఘము జన్మించినది. అట్టి నగరమున మూగబొమ్మ ఒక వరమువంటిది. దానికి భాష లేదు. రాముడు విల్లు వంచుట ఉర్దూవాని కెట్లో తెలుగువాని కట్లే. నడుమనడుమ వచ్చు నాలుగు అక్షరములను చదువనేర్చినవాడు చదువరానివానికి బిగ్గరగా చదివి చెప్పెడివాడు. తెరప్రక్క హార్మోనియము, తబలా మ్రోగెడివి. నవాబును, బండివాడును ఒక కప్పుక్రింద ఒక బొమ్మను చూచి నవ్వుట ఆ కాలమున మరెచ్చటను జరుగని పని.

అట్లుండగా 1924లో గంగూలీ బొంబాయిలో తయారైన ‘రజియా బేగము’ అను మూగచిత్రమును తెచ్చి హైదరాబాదులో ప్రదర్శించెను.

రజియా ఎవరో మన పాఠకులెరుంగుదురు. ఢిల్లీ సుల్తాను ఇల్తుత్‌మిష్ కుమార్తె. కుమారులకంటె కూతురే సమర్థురాలని తండ్రి గుర్తించెను. 1236లో ఆమె సింహాసనమెక్కెను. పరదా విడిచి, పురుషవేషమున ఏనుగునెక్కి, ప్రజలకు కానవచ్చెను. అబిసీనియా దేశస్థుడగు యాకూత్‌ను అశ్వశాలాధిపతిగా నియమించుట తురుష్క సర్దారులకు కంటగింపైనది. వారు తిరుగబడి యాకూత్‌ను చంపిరి. ఆమెను భటిండా కోటలో నిర్బంధించిరి. తన్ను బంధించిన అల్తూనియానే ఆమె వివాహమాడి, ఢిల్లీ రాజ్యమునకై మరల పోరాడి ఓడి, 1240లో మరణించెను. ఆమెకును యాకూత్‌నకును ప్రేమయుండెనా యనునది చరిత్రకారులు నేటికిని తేల్చుకొనలేదు. కాని జనులు తేల్చుకొనిరి. రాజ్యమును, ప్రేమను, ప్రాణమును కోల్పోయిన రాణిగా ఆమె కథ ఏడువందలయేండ్లు నోటినుండి నోటికి నడచినది. చిత్రము మరియొక అడుగు ముందునకు వేసినది: ముసల్మాను రాణి హృదయమును ఒక హిందువున కిచ్చినది.

నిజాము ప్రభువు మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆగ్రహించెను. గంగూలీ రాజ్యము విడిచి పోవలెనని ఆజ్ఞ యైనది. చిత్రమును ఆయన తీయలేదు, ప్రదర్శించెను, అంతే. అదే చాలిన నేరమైనది. రెండేండ్ల శ్రమ, కంపెనీ, ప్రదర్శనశాలలు అన్నియు ఒక్క మాటతో ముగిసినవి. అప్పీలు లేదు; వాదన లేదు; తప్పేమని అడుగుటకు తావు లేదు.

న్యాయముగా ఒక మాట చెప్పవలెను. ప్రజలు చూడరాని బొమ్మయని నిర్ణయించుట నిజామునకే చెల్లిన గుణము కాదు. 1921లో కోహినూరు కంపెనీవారు ‘భక్త విదుర’ను తీయగా, విదురుడు గాంధీ మహాత్మునివలె నుండెనని ఆంగ్ల ప్రభుత్వము మద్రాసులోను, కరాచీలోను దానిని నిషేధించెను. తెల్లదొర తన రాజ్యమునకు భయపడెను. నిజాము ఒక ప్రేమకథకు భయపడెను. ఏలుబడి చేయువాడు దేనికి భయపడునో తెలుసుకొనవలెనన్న అతడు దేనిని చూడనీయడో చూడవలెను. వేరు వేరు వాడలలో నుంచిన జనులు ఒకరినొకరు ప్రేమింపగలరను తలంపే ఆ బొమ్మలోని అపాయము. ఆ తలంపునకు మాట అక్కరలేదు, మూగబొమ్మయైనను చాలును.

ఇక దీని ఫలమేమి? గంగూలీకి కలిగిన నష్టము స్వల్పము. ఆయన కలకత్తా పోయి, 1929లో బ్రిటిష్ డొమినియన్ ఫిలింస్ స్థాపించెను. దేవకీ బోసు, ప్రమథేశ బారువా ఆ సంస్థలోనే చిత్రరంగమున తొలి అడుగులు వేసిరి. శరత్ బాబు ‘దేవదాసు’ను 1928లో నరేశ్ మిత్రా మూగచిత్రముగా తీసియుండెను, దానినే 1935లో బారువా మాటలచిత్రముగా తీసి దేశమునెల్ల ఏడిపించెను. చక్రపాణిగారి అనువాదముద్వారా శరత్తు తెలుగువాడే యన్నంతగా మన ఇండ్లకు వచ్చెను. 1953లో వేదాంతం రాఘవయ్యగారు అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రులతో ‘దేవదాసు’ను తెలుగున తీసిరి. చండ్రుగొండలో ఆ రాత్రి మేము చూచినదదియే. గంగూలీకి 1975లో ఫాల్కే పురస్కారము లభించెను. 1978లో పూర్ణాయువుతో గతించెను.

నష్టమంతయు మనది. తెలుగు మాటలచిత్రము ‘భక్త ప్రహ్లాద’ 1932లో వెలువడినది బొంబాయినుండి. అటుపిమ్మట మన చిత్రములు మద్రాసులో పెరిగినవి. తెలుగువారు తమ బొమ్మలకై పరస్థలమును ఆశ్రయించి, మరల హైదరాబాదున కుదురుకొనుటకు దాదాపు అర్ధశతాబ్దము పట్టినది. ఒక్క ఆజ్ఞయే దీనికంతటికిని కారణమని మేమనము. కాని మొలకెత్తిన విత్తును త్రొక్కినవాడు చెట్టు లేమికి బాధ్యుడు కాడని ఎట్లనగలము?

లోతుగా చూచినచో తప్పు నిజాము ఆగ్రహమునందే కాక, ఆయన అనుగ్రహమునందును కలదు. ప్రభువు దయమీద నిలిచిన కళ, ప్రభువు దయ తొలగిన నాడు నేలగూలును. చండ్రుగొండ ప్రాంతమువారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు. వారి సీమనే పాల్వంచ తహశీలుదారుగా ఏలిన కంచెర్ల గోపన్నగారు తానీషా అనుగ్రహమున ఉద్యోగము పొంది, తానీషా ఆగ్రహమున గోలకొండ చెరసాలలో పండ్రెండేండ్లు మ్రగ్గెనని మనవారు నేటికిని చెప్పుకొందురు. కాని గోపన్నగారికి గొంతు కలదు. ఆయన కీర్తనలు చెరసాల గోడలు దాటి, భద్రాద్రినుండి తంజావూరుదాక పోయినవి. మూగచిత్రమునకు ఆ భాగ్యమేది? 1913 మొదలు సుమారు రెండు దశాబ్దములలో మన దేశమున 1300 వరకు మూగచిత్రములు తయారుకాగా, నేడు చూడ మిగిలినవి వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని. హైదరాబాదు చిత్రములకు పేర్లే మిగిలినవి.

1948 సెప్టెంబరులో నిజాము ఏలుబడి ముగిసినది. నేడు ఒక వ్యక్తి కోపమే చట్టము కాదు. 1983లో కమాల్ అమ్రోహీ ఆ రజియా కథనే హేమమాలినితో తీసినపుడు ఎవ్వరికిని దేశత్యాగము విధింపబడలేదు. చిత్రమును చూపుట కెదురగు బెదిరింపులకు లోబడి రాజ్యము భావస్వాతంత్ర్యమును విడిచిపెట్టరాదని 1989లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. కులమతభేదము లేక ఇద్దరు వివాహమాడుటకు 1954లోనే ప్రత్యేక వివాహచట్టము వచ్చినది. వయసు వచ్చిన ఇద్దరు పరస్పరము అంగీకరించినచో కుటుంబము, కులము, జాతి అంగీకారము అక్కరలేదని అదే సుప్రీముకోర్టు 2018 మార్చిలో నిష్కర్షగా పలికెను. సింహాసనము పోయినది, శాసనము వచ్చినది.

కాని శాసనము చండ్రుగొండ అరుగుదాక వచ్చినదా? మా సందేహమదియే. నిజాము నిరంకుశత్వమును మనము ఖండింతుము. అందుకు వెనుదీయువారము కాము. అయితే కారణము చెప్పక, ఎదుటివారి మాట వినక, ‘తగదు’ అని ఒక్క మాటతో రెండు జీవితములను ముగించు అధికారము మన లోగిళ్లలో నేటికిని చెల్లుచున్నది. పరువు, వంశము, ఆస్తి యనునవి ఆ ప్రభువు నోటను వినబడదగిన మాటలే. ఆయన చేతిలో దేశబహిష్కారము కలదు. మన చేతిలో ఇంటినుండి వెలివేయుట కలదు. అంతకుమించి కత్తియు కలదని పత్రికలలో మాటిమాటికి చదివి సిగ్గుపడుచున్నాము.

పెద్దలకు పిల్లలమీద బాధ్యత లేదని మేమనము. వరుని గుణము, చదువు, బ్రదుకుతెరువు విచారించుట పెద్దల ధర్మము. ఆ యువకుడు త్రాగుబోతో, సోమరియో యైనచో వలదని చెప్పుడు, మేమును వలదందుము. కాని ఆ సాయంకాలపు గోష్ఠిలో అతని గుణమును గూర్చి ఒక్కరును ప్రశ్నింపలేదు. కులము తెలియగానే విచారణ ముగిసినది. ఇది విచారణ యగునా? రజియా బేగము చిత్రమును నిషేధించిన తీర్పును ఇట్టిదియే.

మరునాటి ఉదయము మేము బయలుదేరునపుడు ఆ పెద్దమనుష్యుడే బండిదాక వచ్చి సాగనంపెను. రాత్రి చిత్రము బాగుగ నున్నదనియు, దేవదాసు తండ్రి కొంచెము మనసు మెత్తపరచుకొన్నచో కథ మరియొక విధముగ నుండెడిదనియు ఆయనయే అనెను. మేము ఆయనతో ఒక్క మాటయే చెప్పితిమి: “అయ్యా, ఆ పిల్లను పిలిచి ఒకమారు అడుగుడు.” ఆయన బదులు చెప్పలేదు. ఇంటివైపు తిరిగి చూచెను. వాకిట ఆ పిల్ల కళ్లాపి చల్లుచుండెను.